కల్యాణము చేరని బాట – శ్రీ మల్లికార్జున పండితారాధ్యుల చరితము

నారాయణఖేడు ప్రాంతపు భక్తులకు బసవకల్యాణము దూరదేశము కాదు. బీదరు మీదుగా పడమటికి సాగిన బాటలో అది ఒక పూట ప్రయాణము. 1956వ సంవత్సరమున రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు నారాయణఖేడు తాలూకా బీదరు జిల్లాలోనిదే. ఆ ఏట అది మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. సరిహద్దు గీతలు మారినను ఈ సీమలో తెలుగు, కన్నడము, మరాఠీ నేటికిని కలిసియే వినబడుచున్నవి. వైశాఖ శుద్ధ తదియనాడు బసవ జయంతి వచ్చినచో, ఉదయము బయలుదేరి కల్యాణమును దర్శించి, చీకటిపడు వేళకు ఇల్లు చేరుకొనవచ్చును.

ఇట్టి యాత్రను మనసార కోరి, ఎట్టకేలకు బయలుదేరి, బాటలోనే ఆగిపోయిన మహనీయులొకరు మన వీరశైవ చరిత్రలో కలరు. వారు సామాన్యులు కారు. తెలుగు దేశమున శివభక్తిని నిలిపిన పండితత్రయములో ఒకరు. కవి, వాదమున ఎదురులేని విద్వాంసులు. వారి మహిమలను చదివి పొంగిపోవువారు, వారి జీవితమున నెరవేరక మిగిలిన ఈ ఒక్క కోరికను అంతగా తలపునకు తెచ్చుకొనరు. కాని బరువైన కాలమున శివుని నమ్మి నిలుచుట యెట్లో నేర్చుకొనగోరు వానికి, వారి వాదవిజయముల కంటె ఆ తీరని కోరికయే పెద్ద పాఠము. వారే శ్రీ మల్లికార్జున పండితారాధ్యులు.

పండితారాధ్యులు క్రీస్తుశకము 12వ శతాబ్దికి చెందినవారు. గోదావరి సీమలోని ద్రాక్షారామము వారి జన్మస్థలము. అచ్చట వెలసిన భీమేశ్వరాలయము పంచారామములలో ఒకటి. తండ్రి భీమన పండితుడు, తల్లి గౌరాంబ. గౌతమీ తీరమునందలి కోటిపల్లికి చెందిన ఆరాధ్యదేవులు వారికి గురువులు. ఆ గురుకరుణ వలననే వారికి శివదీక్ష లభించినది. వేదశాస్త్రములను చక్కగా అభ్యసించిన కుటుంబమున పుట్టి, ఆ విద్యనంతటిని శివపాదములకు సమర్పించిన జీవితము వారిది. తల్లిదండ్రులు పెట్టిన పేరు శ్రీశైలనాథుని పేరు. ఆ పేరునకును ఆ జీవితపు చివరి మజిలీకిని గల సంబంధము ముందు తెలియగలదు.

వారి చరిత్రను మనకందించినవాడు పాల్కురికి సోమనాథుడు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి ఆ కవి ఊరు. పండితారాధ్య చరిత్రమును దీక్షా, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణములని ఐదు భాగములుగా, సామాన్యులు పాడుకొనదగిన ద్విపదలో ఆయన రచించెను. వారిని గూర్చి నేడు మనకు తెలిసినది చాలవరకు ఆ గ్రంథము వలననే.

ఆ కాలపు తెలుగు దేశము ఒక్క గొడుగు క్రింద లేదు. తీరాంధ్రమును వెలనాటి చోడులు ఏలుచుండిరి. ఓరుగల్లున కాకతీయులు తలయెత్తుచుండిరి. పడమట కల్యాణ చాళుక్యుల సింహాసనము కలచురి బిజ్జలుని చేతిలోనికి పోయినది. రాజులు మారుచున్న ఆ కల్యాణ నగరమున, రాజ్యములతో సంబంధము లేని మరియొక వెలుగు పుట్టినది. క్రీ.శ. 1131 ప్రాంతమున బాగేవాడిలో జన్మించి, కూడలసంగమమున సాధన సాగించిన బసవేశ్వరులు బిజ్జలుని కొలువున ధనాగారమును చూచుచు, అనుభవ మంటపమును నెలకొల్పిరి. బట్టలుతుకు మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, చెప్పులు కుట్టు హరళయ్య, విరాగిణి అక్కమహాదేవి, జ్ఞాని అల్లమప్రభువు అచ్చట ఒకే చాపపై కూర్చుండిరి. చెమటోడ్చి చేయు కాయకమే పూజ యనియు, వచ్చినదానిని పదిమందికి పంచు దాసోహమే పుణ్యమనియు ఆ మంటపము లోకమునకు చాటినది. ఊరూర తిరుగు జంగమదేవరల వెంట ఆ వార్త గోదావరి తీరమునకును చేరినది.

పండితారాధ్యుల మనసు అప్పుడే కల్యాణము వైపు మరలినది. ఇచ్చట ఒక చిక్కు కలదు. దానిని దాచి చెప్పినచో వారి భక్తి లోతు తెలియదు. బసవేశ్వరులు బాల్యముననే ఉపనయనమును కాదన్నవారు. పుట్టుక వలన వచ్చు హెచ్చుతగ్గులను వారు అంగీకరింపలేదు. పండితారాధ్యులు వేదమును ప్రమాణముగా నమ్మినవారు. జన్మతో వచ్చిన ఆచారమును విడువలేనివారు. మెడలో లింగమును ధరించియు యజ్ఞోపవీతమును తీసివేయని ఆరాధ్య సంప్రదాయమునకు వారే మూలపురుషులుగా గణింపబడుచున్నారు. బెజవాడ శ్రీపతి పండితులు, శివలెంక మంచన పండితులు, వీరు కలసి పండితత్రయమైరి.

ఇట్లు ఆచారమున ఇరువురి దారులు వేరు. అయినను బసవేశ్వరుల యెడ పండితారాధ్యులకు గల ప్రేమ, దారులు వేరైనందువలన తరుగలేదు. భక్తి మీది వలపును మానలేరు; బ్రాహ్మ్యముతోడి పొత్తును తెంచుకొనలేరు. ఈ రెండింటి నడుమ నలిగిన మనసు వారిది. తన లోటును తానెరిగిన విద్వాంసుని బాధ అది. ఎదుటివాని లోటును చూపి తృప్తిపడువారు లోకమున పెక్కురు. తాను విడువలేనిదానిని విడిచిన మహాత్ముని చూచి, ఆయనను దూరమునుండియే తలపై పెట్టుకొన్నవారు అరుదు. భిన్నమైన ఆచారములు గల వీరశైవ శాఖలు ఒకే పందిట కూర్చుండు నేటి దినములలో ఈ వినయము ప్రత్యేకముగా స్మరింపదగినది.

దర్శనము కొరకు తపించు ఆ కాలమున వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. శివతత్త్వసారమను గ్రంథమును కందపద్యములలో రచించిరి. నాలుగు వందలకు పైగా పద్యములు నేడు మనకు దొరకినవి. శివుని ఆధిక్యమును తర్కముతో నిలుపుచునే, నడుమ నడుమ శివుని నేరుగా సంబోధించి మొరపెట్టుకొను గ్రంథమది. పండితుని బుద్ధియు, భక్తుని గొంతును అందులో ఒకటియైనవి. చాలకాలము మరుగుపడిన ఆ గ్రంథమును వెలికి తెచ్చి ప్రకటించిన గౌరవము కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు గారిది.

గ్రంథరచనతో పాటు శిష్యబోధ. ఆ శిష్యులలో దోనయామాత్యుడు ముఖ్యుడు. సోమనాథుని గ్రంథమున ఒక ప్రకరణమంతయు పురాతన భక్తుల కథలకే కేటాయింపబడుట గమనింపదగినది. ముందు తరములవారు ఎట్లు నిలిచిరో తలచుకొనుట, కష్టకాలమున భక్తునకు చేతికఱ్ఱ వంటిది. తన కష్టము లోకమున మొదటిది కాదని తెలిసినంతనే సగము బరువు దిగును.

ఇంతలో వారి జీవితమున మిక్కిలి చీకటి ఘట్టము వచ్చినది. అది చందవోలున జరిగినది. ఆ ఊరే నేటి బాపట్ల జిల్లాలోని చందోలు. వెలనాటి చోడుల రాజధాని. రాజసభలో బౌద్ధాచార్యునితో పండితారాధ్యులు వాదించి గెలిచిరి. వాదము అంతటితో ముగియవలసినది. కాని వారి శిష్యులు ఆవేశమున ఆ బౌద్ధాచార్యుని చంపిరి. రాజు ఆగ్రహించి, ఆ నేరమునకు గురువునే బాధ్యుని చేసి, పండితారాధ్యుల కన్నులు తీయించెను. సోమనాథుడు చెప్పిన కథ ఇది.

ఈ ఘట్టమును చదువునపుడు శిష్యులు చేసిన పనిని ధర్మమని పొగడవలసిన అవసరము లేదు. దయను ధర్మమునకు పునాదిగా నిలిపిన బసవేశ్వరుల బోధను నమ్మినవారు హత్యను మెచ్చజాలరు. మాటతో గెలిచినవానికి కత్తి అక్కరలేదు. శిష్యుల తొందర గురువునకు శిక్షయైనది. ఓర్పు లేకుండుట యెంతటి కీడు తెచ్చునో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము వేరొకటి ఉండదు. భక్తి యెంత గొప్పదైనను ఓర్పు తోడులేనిచో అది తనవారి కన్నులనే పొడిచివేయును.

చూపు పోయినది. చదువే ప్రాణముగా జీవించిన పండితునకు తాటాకు ఇక అందదు. భీమేశ్వరుని ఆలయము, గోదావరి ప్రవాహము, శిష్యుల ముఖములు అన్నియు ఒక్క దెబ్బతో మాయమైనవి. ఎన్నడైన కల్యాణమునకు పోయినను బసవేశ్వరుల రూపమును చూచుటెట్లు? అయితే చూపు లేనివానికి మూయబడని ద్వారమొకటి వీరశైవమున కలదు. గుడిలోని స్థావరలింగమును చేరుటకు కాళ్ళు కావలెను. చూచుటకు కన్నులు కావలెను. ఇష్టలింగము అట్టిది కాదు. అది అరచేతిలోనిది. వేళ్ళు తడిమి విభూతి ఉంచును, పత్రి సమర్పించును. చీకటిలోను అరచేయి తన దైవమును ఎరుగును. భక్తుడు ఏ స్థితిలో నున్నను, ఆ స్థితిలోనే పూజ సాగునట్లు శరణులు ఏర్పరచిన మార్గమిది.

శివుని కరుణచే వారికి మరల చూపు వచ్చినదని సోమనాథుడు వ్రాసెను. తనకు అపకారము చేసిన రాజును వారు శపించిరనియు ఆ కథలో కలదు. ఈ శాపమును గూర్చి కొందరు సందేహపడుదురు. మహాత్ములకు కోపమేల యని. కాని ఓర్పు జన్మతో వచ్చు గుణము కాదు. పండితారాధ్యుల వంటివారికిని బాధ బాధయే, కోపము కోపమే. ఓర్పు వారికి ఒక్కనాడు పూర్తిగా లభింపలేదు. దెబ్బ తగిలినపుడెల్ల మరల మరల కూడగట్టుకొనవలసి వచ్చినది. నిజమునకు ఇది మనకు ధైర్యము గొలుపు విషయము. ఒకనాడు కోపగించినంత మాత్రమున శివుని దారి మూతపడదు.

చూపు తిరిగి వచ్చిన పిమ్మట వారు రాజాశ్రయములను వెదకలేదు. మరియొక వాదసభకు పోవుటయే జీవిత లక్ష్యమని తలపలేదు. చిరకాలముగా హృదయమున దాచుకొన్న కోరికను తీర్చుకొనుటకు పయనమైరి. బసవేశ్వరులను దర్శింపవలెను. ఆ దర్శనము కొరకే కల్యాణమునకు దారిపట్టిరి.

నేటి రోడ్డు లెక్కన చందోలు నుండి బసవకల్యాణమునకు దాదాపు 500 కిలోమీటర్లు. రోజునకు 20 కిలోమీటర్ల చొప్పున ఆగక నడిచినను ఇరువది యైదు దినములు. కాని శిష్యబృందముతో సాగు గురువుల యాత్ర ఆగక సాగునది కాదు. ఊరూర ఆగవలెను, పూజలు సాగవలెను, దీక్ష కోరినవారికి దీక్ష ఈయవలెను, భక్తుల ఆతిథ్యమును కాదనరాదు. కృష్ణను దాటి, తెలంగాణపు ఎగువ నేలల మీదుగా పడమటికి పోవలసిన దారి అది. ఒక్కొక్క మజిలీ గడచిన కొలది దూరము తరుగును, ఆశ పెరుగును.

ఆ సమయమున కల్యాణమున జరుగుచున్నది వేరు. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు, బ్రాహ్మణ వంశీయుడైన మధువయ్య కుమార్తెకు శరణులు వివాహము జరిపించిరి. అనుభవ మంటపమున ఒకే చాపపై కూర్చుండినవారికి అది సహజమైన వియ్యము. సనాతనులకు అది సహింపరానిది. వారి ఒత్తిడికి లోబడి బిజ్జలుడు హరళయ్య మధువయ్యలకు క్రూరదండన విధించెను. నగరము అట్టుడికినది. బసవేశ్వరులు కల్యాణమును వీడి, తాము సాధన చేసిన కూడలసంగమమునకు మరలిపోయి, క్రీ.శ. 1167 ప్రాంతమున లింగైక్యము పొందిరి. బిజ్జలుడు హతుడయ్యెను. శరణులు చెదరిపోయిరి. చెన్నబసవేశ్వరులు మొదలైనవారు వచనముల కట్టలను కాపాడుకొనుచు ఉళివి అడవుల వైపు సాగిరి.

ఆ వార్త పండితారాధ్యులకు దారిలో తెలిసినది. దర్శింపబోవు మహాత్ముడు ఇక ఈ లోకమున లేడని బాటసారుల వలన వినిరి.

ఇట్టి క్షణము మనుష్య జీవితమున అరుదు కాదు. కొడుకు వచ్చునని ఎదురుచూచిన తల్లికి ఉత్తరము వచ్చును. నయమగునన్న రోగి నయము కాడు. ఏండ్ల తరబడి కూడబెట్టిన కోరిక, చేతికందు సమయమున జారిపోవును. అపుడు మనసులో పుట్టు ప్రశ్న ఒక్కటే. శివుడు విననేలేదా? విని ఊరకున్నాడా?

ఈ ప్రశ్నకు బదులు సులభము కాదు. అదియే సోమనాథుడు తన బసవ పురాణమున గొడగూచి కథను చెప్పెను. తండ్రి మాట చొప్పున గుడికి పాలు తెచ్చిన ఆ పసిపిల్ల, శివుడు త్రాగలేదని యేడ్చినది. ఆ యేడుపునకు కరగి శివుడు ప్రత్యక్షమై పాలు త్రాగెను. ఒక చిన్న గిన్నెడు పాల కొరకు ఒక్క పూటలో దిగివచ్చిన దైవము, జీవితమంతయు సేవించిన పండితారాధ్యుల కోరికను తీర్చలేదు. గొడగూచి భక్తి గొప్పది, పండితారాధ్యుల భక్తి కొరవడినది అనుటకు వీలులేదు. ఇరువురి కథను చెప్పినవాడు ఒకే కవి. ఇరువురిని భక్తులనియే చెప్పెను. కనుక వెంటనే పలుకుట ఎట్లు అనుగ్రహమో, పలుకక నిలుచుటయు అట్లే అనుగ్రహమని అంగీకరింపవలసి యున్నది. మొదటిది అందరికిని తెలియును. రెండవది తెలియుటకు కాలము పట్టును.

ఆ వార్త విన్న పండితారాధ్యుల దుఃఖము పట్టరానిదైనది. వారు దుఃఖమును దాచుకొనలేదు. జ్ఞాని యేడువరాదన్న నియమము శివభక్తిలో లేదు. ఓర్పనగా కన్నీరు రాకుండుట కాదు. కన్నీరు వచ్చినను లింగమును చేతినుండి విడువకుండుట. ఆనాటి పూజ ఆనాడు ఆగకుండుట. ఆ దుఃఖమున వారు ముందు కేగి రాజులపై కక్ష సాధింపలేదు. వెనుకకు మరలి ఇంట తలుపు వేసికొని కూర్చుండలేదు. చేతనున్న యాత్రను మానలేదు. దాని దిక్కు మాత్రము మార్చిరి. కల్యాణమునకు బయలుదేరిన అడుగులు శ్రీశైలము వైపు తిరిగినవి.

తల్లిదండ్రులు పెట్టిన పేరు మల్లికార్జునుడు. శ్రీశైలమున వెలసిన స్వామి పేరు మల్లికార్జునుడు. పుట్టినది మొదలు తమను పిలిచినవారెల్ల పలికిన పేరే చివరి దిక్కును చూపినది. మనుష్యులలో వెదకిన వెలుగు అందలేదు. ఆ వెలుగునకు మూలమైన చోటు మిగిలియున్నది. సోమనాథుడు తన గ్రంథపు చివరి భాగమునకు పర్వత ప్రకరణమని పేరుపెట్టి, శ్రీశైల మహిమను, శివరాత్రి యాత్రికుల సందడిని విస్తారముగా వర్ణించెను. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, శంకర పదములు, నివాళి పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అని ఆనాటి జనులు పాడుకొను పాటల పేర్లు ఆ గ్రంథము వలననే మనకు తెలియుచున్నవి. రాగములు, వాద్యములు, నాట్యములు, ఆటలు అన్నిటికిని అందులో చోటున్నది. దుఃఖముతో ముగియవలసిన చరిత్ర, ఇట్లు పాటలతో, యాత్రికుల కోలాహలముతో నిండిన పర్వతము చెంత ముగియుట విశేషము. ఆ శ్రీశైలనాథునియందే పండితారాధ్యులు ఐక్యమందిరని వీరశైవ సంప్రదాయము. పంచపీఠములలో శ్రీశైల పీఠమును అధిష్ఠించు జగద్గురువుల బిరుదనామములో నేటికిని పండితారాధ్య శబ్దము నిలిచియున్నది.

ఇంతటితో వారి జీవితము ముగిసినది. వారి కోరిక కథ ముగియలేదు.

తరువాతి కాలమున, కాకతీయుల ఏలుబడిలో, పాలకుర్తి నుండి సోమనాథుడు వచ్చెను. మొదట బసవ పురాణమును ఏడు ఆశ్వాసములలో రచించెను. తెలుగువారు బసవేశ్వరులను ఇంటి దైవముగా ఎరుగుట ఆ గ్రంథముతో బలపడినది. ఆ పిమ్మట అదే ఛందస్సున, అదే చేతితో పండితారాధ్య చరిత్రమును రచించెను. బసవేశ్వరుల చరిత్ర ఒకటి, వారిని చూడలేకపోయిన భక్తుని చరిత్ర ఒకటి. అన్నదమ్ముల వలె పుట్టిన రెండు గ్రంథములు. 1369లో భీమకవి బసవ పురాణమును కన్నడమునకు కొనిపోయెను. అనగా బసవేశ్వరుల కథ, వారి సొంత నేలకు తెలుగు దేశము నుండి మరల నడిచి పోయినది. గోదావరి తీరము నుండి కల్యాణమునకు పండితారాధ్యులు నడువలేకపోయిన దారిని తెలుగు గ్రంథమొకటి నడిచినది. 1939లో చిలుకూరి నారాయణరావు గారు విపులమైన పీఠికతో పండితారాధ్య చరిత్రమును ప్రకటించిన పిదప, ఆ జీవితము ఆధునిక పాఠకులకును చేరువయైనది.

నేడు వీరశైవ సాహిత్యమును పఠించు తెలుగువాడు బసవేశ్వరుల పేరు తలచిన వెంటనే పండితారాధ్యుల పేరును తలచుచున్నాడు. కల్యాణమున ఒక పూట జరుగవలసిన కలయిక జరుగలేదు. పాలకుర్తి కవి తాటాకులపై ఆ కలయిక శాశ్వతముగా జరిగినది. పండితారాధ్యులు కోరినది ఒక దర్శనము. శివుడు ఇచ్చినది విడదీయరాని సాన్నిధ్యము. కాని ఆ సంగతి వారికి జీవించియుండగా తెలియలేదు. తెలియకయే నమ్మిరి. అందుననే వారి ఓర్పు గొప్పతనమున్నది. ఫలమును చూచి నమ్ముట వ్యాపారము. చూడక నమ్ముట భక్తి.

మంజీర సీమలోని వర్షాధారపు నేలలలో రైతు ఒకే చేనిలో పెసరను, కందిని కలిపి విత్తును. తొలకరికి రెండును కలిసియే మొలచును. పెసర రెండు మాసములు దాటగనే చేతికి వచ్చును. అప్పటికి కంది ఇంకను పూతయైనను పట్టదు. దానిని చూచి ఎవ్వరును కంది చచ్చినదని దున్నివేయరు. వానలు వెనుకబట్టినను, చలి వచ్చినను, వేరు లోతునకు దింపి ఆ మొక్క నిలుచును. పుష్య మాసపు చలిలో గాని దాని గింజ ఇంటికి రాదు. ఇది తెలిసిన రైతు పెసరను కోసికొనుచు కందిని తిట్టడు. మన ప్రార్థనలలోను పెసర వంటివి కొన్ని, కంది వంటివి కొన్ని. రెండింటిని మొలిపించు నేల ఒక్కటే.

అయితే రైతు ఊరక కాచుకొని యుండడు. కలుపు తీయును, గొడ్డు పడకుండ కావలి కాయును. పండితారాధ్యులును ఊరక కాచుకొని యుండలేదు. గ్రంథము వ్రాసిరి, శిష్యులకు బోధించిరి, పురాతనుల కథలు స్మరించిరి, చూపు పోయినను పూజ మానలేదు, చూపు రాగానే నడక సాగించిరి. బసవేశ్వరులు బోధించిన కాయకమునకు ఇదియే సారము. చేతి పని చేతిదిగా సాగవలెను. ఫలమును శివునకు వదలవలెను. పని లేని నిరీక్షణము నిస్పృహగా మారును. నమ్మకము లేని పని అలసటగా మారును. రెండును కలసిననే బరువైన దినములు గడచును.

అప్పుల భారము తీరని గృహస్థులు, పంట నష్టపోయిన కర్షకులు, సంతానము కొరకు, సంతానపు మేలు కొరకు ఎదురుచూచు తల్లులు, మంచము పట్టినవారికి సేవ చేయుచు సంవత్సరములు గడుపువారు ఈ చరిత్రను ఒకమారు తలచుకొనదగును. బసవకల్యాణమునకు పోయినపుడు, ఆ నేలను మెట్టుటకు కోరి మెట్టలేకపోయిన ఈ మహనీయుని పక్షమున మరియొక నమస్కారము చేసి రావలెను. శ్రీశైలమునకు పోయినపుడు, దుఃఖముతో వచ్చి శాంతితో ముగిసిన ఆ యాత్రను స్మరింపవలెను. ఏ వైపునకు బయలుదేరినను, అరచేతిలోని లింగము వెంటనే యున్నదని ఎరిగినవానికి దారి తప్పుట లేదు. చేరవలసిన చోటు మారినను, చేర్చువాడు మారడు.